చెంగయ్య గారి పాత ఇంగ్లీషు మాటలు

మొన్న కావలి నుంచి నెల్లూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి, మూత మీద వేలితో తట్టి, చిటికెడు నశ్యం పట్టాడు. పెద్దాయన అంటున్నాను గానీ నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడే అయి ఉంటాడు. ఈ కాలంలో కూడా నశ్యం పీల్చేవాళ్ళు మిగిలి ఉన్నారా అని ఆశ్చర్యపోయేలోపే ఆ ఘాటు నా ముక్కుకూ తగిలింది. తుమ్ము వచ్చింది, దాని వెనకే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆయన నొచ్చుకుని "మీకు పడదా అమ్మా?" అని డబ్బీ మూసేశాడు. "పడుతుంది నాయనా, బాగా పడుతుంది" అన్నాను. ఆ కన్నీళ్ళు నశ్యం వల్ల వచ్చినవి కావని బస్సులో పరిచయం లేని మనిషికి ఏం చెబుతాం! అల్లూరు రోడ్డు మలుపు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఆ వాసన ప్లీడరు చెంగయ్య గారిది. యాభైల చివర్లో మొదలుపెట్టి, ఆయన పోయేదాకా, కావలిలో ఆయన ఆఫీసులో నేను టైపు కొట్టాను. ఆఫీసంటే వేరే ఏమీ కాదు, కోర్టు వెనక వీధిలో ఆయన ఇంటి ముందుగది. ఒక బల్ల, ఒక బెంచీ, నా టైపు మిషను, గోడ పొడుగునా లా పుస్తకాలు, వాటికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన నిఘంటువులు. నిఘంటువుల్లో ఏ పేజీ తిప్పినా నశ్యం మరక ఉండేది. మరక ముదురుగా ఉందంటే ఆ పేజీలో ఆయనకు ప్రియమైన మాట ఉందని గుర్తు. ఊళ్ళో ఆయన గురించి ఒక మాట వాడుకలో ఉండేది. కేసు గెలవాలంటే ఇంకెవరి దగ్గరికైనా పో, కేసు అర్థం కావాలంటే చెంగయ్య దగ్గరికి పో అనేవాళ్ళు. వెక్కిరింపుగానే అనేవాళ్ళు. ఆయన చెవిన పడితే మాత్రం బిరుదు ఇచ్చినట్టు సంతోషించేవారు.

మాది అల్లూరు. వరి పొలం, కాలవ నీళ్ళు, ఏటా ఏదో ఒక తగాదా. నాన్న పోయాక నేను టైపు నేర్చుకున్నాను. ప్లీడరు ఆఫీసులో పని దొరికిందని చెప్పిన రోజు మా పెదనాన్న తాడెత్తున లేచాడు. "మగోళ్ళు కూకోని అబద్ధాలాడే చోటికి ఆడపిల్లని పంపిస్తావా?" అని అమ్మను నిలదీశాడు. అమ్మ చేట పక్కన పెట్టి, "అబద్ధాలు ఇంట్లోనూ ఆడతానే ఉండారుగా బావా. ఆడికి పోతే జీతమన్నా ఇస్తారు" అంది. పెదనాన్న మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత చెంగయ్య గారికి చెబితే కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "మీ అమ్మను కోర్టులో నిలబెట్టాల్సింది, నేను ఇంట్లో కూర్చునేవాడిని" అన్నారు.

పనిలో చేరిన మొదటి రోజు ఒక ఇంటి అమ్మకం దస్తావేజు ఇచ్చారు. తప్పుల్లేకుండా, తొందరగా కొట్టి, గర్వంగా బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, ఒక మాట మీద వేలు పెట్టి, "మెస్సువేజ్ అని కొట్టావు. అంటే ఏంది?" అన్నారు. నాకు తెలియదు. ఇంగ్లీషు దస్తావేజుల్లో ఉండే నానా చెత్తలో అదొకటి అనుకున్నాను. "ఇల్లేమో అండీ" అన్నాను. "ఇల్లయితే హౌస్ అని రాసేవాణ్ణి కదా. చూడు, ఇది పాత మాట. ఇల్లు ఒకటే కాదు, దాని ముందు జాగా, వెనక దొడ్డి, బావి, గొడ్లచావిడి, ఆ ఇంట్లో బతకడానికి కావలసినవన్నీ కలిపి మెస్సువేజ్. ఇప్పుడు మన భాషలో చెప్పు." కాసేపు ఆలోచించి, భయపడుతూనే, "ఇల్లూ వాకిలీ" అన్నాను. ఆయన లేచి, లోపలికి పోయి, భార్యతో "ఇదిగో, ఈ పిల్లకు కూడా కాఫీ పంపించు" అన్నారు. ఆ ఇంట్లో నాకు ఉద్యోగం ఖాయమైంది అప్పుడేనని తర్వాత తెలిసింది.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఇంగ్లీషులో తయారైన ఏ కాగితమైనా సరే, సంతకమో వేలిముద్రో పడే ముందు ఆ కాగితం ఎవరిదో వాళ్ళకు తెలుగులో మొత్తం చెప్పాలి. సారాంశం చెబితే ఒప్పుకునేవారు కాదు. ప్రతి మాటా చెప్పాలి. విన్నవాళ్ళు తల ఊపినా చాలదు, "నీకేం అర్థమైందో నాకు చెప్పు" అని ఆయనే అడిగేవారు. దీనివల్ల ఇంకొకరి దగ్గర అరగంటలో అయ్యే పని మా దగ్గర పూటంతా పట్టేది. గుమాస్తా నరసింహానికి ఇది ప్రాణసంకటంగా ఉండేది. ఒకసారి ఆయన లేరనుకుని, ఒక ముసలమ్మతో "అవన్నీ నీకెందుకు, వేలు ఇట్టా పెట్టు" అన్నాడు. చెంగయ్య గారు పెరటి గుమ్మంలో నిలబడి విన్నారు. ఆయనకు కోపం ముక్కు మీద ఉంటుందని తెలుసుగానీ అంత కోపం నేను అంతకుముందు చూడలేదు. "ఆమె పొలం, ఆమె వేలు. నీకెందుకో నువ్వు చెప్పు ముందు!" అని అరిచారు. ముసలమ్మ హడలిపోయి వేలు వెనక్కి తీసుకుంది. తర్వాత ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని, సాయంత్రం దాకా, చంటిపిల్లకు అన్నం తినిపించినట్టు, కాగితం మొత్తం చెప్పారు. ఆయనకు ఈ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. ఊళ్ళో రకరకాల కథలు చెప్పుకునేవారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పద్ధతి అలా ఉంచితే, పాత మాటలంటే ఆయనకు వ్యసనం. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, డబ్బీ తీసి, పీల్చి, ఒక తుమ్ము తుమ్మి, "ఈరోజు ఏం దొరికిందో తెలుసా?" అనేవారు, చేపలకు పోయివచ్చిన మనిషిలాగా. ఒకరోజు నీళ్ళు మోసే మనిషి ఆఫీసు కుండ నింపి వెళ్ళింది. మూతి దాకా నింపలేదు. కుండ వైపు చూపించి, "ఆ పైన ఖాళీ ఉందే, దానికి ఇంగ్లీషులో ఒక పేరుంది తెలుసా! అలిజ్. పీపాల్లో సారాయి అమ్మేవాళ్ళ మాట. పీపా నిండుగా ఉండక పైన ఎంత మిగిలిందో అది అలిజ్. ఖాళీకి కూడా పేరు పెట్టుకున్నారు చూడు" అన్నారు. నేను టైపు ఆపకుండానే "వెలితి" అన్నాను. మా ఇంట్లో వడ్ల కుంచం విషయంలో రోజూ వినే మాటే అది. ఆయన కుండ దగ్గరికి పోయి లోపలికి తొంగిచూశారు. "వాళ్ళది పీపా దగ్గరే ఆగిపోయిందమ్మా. మనది మనసు దాకా పోయింది" అన్నారు. నరసింహం పక్కనుంచి, "రామాయణంలో పిడకల వేట. దావా వాయిదా రేపు పెట్టుకుని కుండల సంగతి" అని గొణిగాడు. నిజానికి గుమాస్తా మాటలోనూ న్యాయముంది. ఆయన ఇలాంటి వేటల్లో పడి కొన్ని వాయిదాలు మరిచిపోయిన సంగతి నేను దాచను.

ఇంకోసారి నేను ఏదో అర్జీలో ఎల్లుండి అనడానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు కొట్టాను. "పాపం వాళ్ళకు ఇప్పుడు నాలుగు మాటలు కావాలి. వెనకటికి ఒకటే ఉండేది. ఓవర్‌మారో. ఎల్లుండి. వాడటం మానేశారు, పోయింది" అన్నారు. "మొన్నకు కూడా ఉండేదా అండీ?" అంటే, "ఉండేది, ఎర్‌యెస్టర్‌డే. అదీ పోయింది. మనం మాత్రం ఎల్లుండికి అవతల ఆవలెల్లుండి కూడా పెట్టుకుని కూర్చున్నాం" అని మురిసిపోయారు. ఆయన ఇంగ్లీషును ప్రేమించింది తెలుగును చిన్నచూపు చూడటానికి కాదు. ఒక భాషలో ఇల్లు వెతుక్కుంటూ ఇంకో భాషలో తలుపు తట్టే మనిషి. అప్పట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు దాన్ని ఎదుటివాడి నోరు మూయించడానికే వాడటం చూశాను కనుక, ఈయన నాకు వింతగా కనిపించేవారు. తర్వాత తర్వాత ఆయన వింత కాదనీ, మిగిలినవాళ్ళే వింత అనీ అనిపించింది.

మా అల్లూరు వైపునుంచే అన్నదమ్ములిద్దరు చూరు నీళ్ళ తగాదా తెచ్చారు. అన్న ఇంటి చూరు నుంచి వాన నీళ్ళు తమ్ముడి జాగాలో పడుతున్నాయి. ఆయన వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, చూరు నీళ్ళు పడే జాగాకు పాత ఇంగ్లీషులో ఈవ్స్‌డ్రాప్ అని పేరుందనీ, ఆ జాగాలో నక్కి నిలబడి ఇంట్లో మాటలు వినేవాణ్ణి కూడా దాన్నిబట్టే పిలిచారనీ, అంటే పొంచి విన్నవాడి పేరు చూరు నీళ్ళలోంచే పుట్టిందనీ చెప్పారు. అన్నదమ్ములు పగలబడి నవ్వారు. తమ్ముడు "మా వదిన అట్నే నిలబడి ఇంటాదండీ" అన్నాడు. ఇంకేముంది, అక్కడే మళ్ళీ రేగింది. రాజీ పడలేదు, ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. మాట అర్థం తెలిసినంత మాత్రాన మనుషులు మారిపోతారని ఆయన ఏనాడూ అనలేదు.

ఇక పోలమ్మ సంగతి చెప్పాలి. ఇంతసేపూ దాని కోసమే ఇదంతా చెప్పుకుంటూ వచ్చాను.

అరవైల మొదట్లో ఒక తుఫానుకు, కలప వేసుకుని మద్రాసు పోతున్న పెద్ద పడవ ఒకటి మునిగిపోయే స్థితి వచ్చి, బరువు తగ్గించుకోవడానికి దుంగల్ని సముద్రంలో తోసేసింది. అల్లూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ దాటితే, ఒక చేపలవాళ్ళ పాలెం ఉంది. వాళ్ళ తెప్పలకు ఈ దుంగలు తగిలాయి. నీళ్ళు తాగి బరువెక్కిన దుంగలు, సగం మునిగీ సగం తేలుతూ. వాళ్ళు వాటిని లోతు తక్కువ ఉన్న చోటికి లాగి, రాళ్ళు కట్టి నిలిపి, తాడుతో పైన బెండు కట్టి వదిలారు. బెండంటే వలలకు కట్టే తేలిక కొయ్య, నీళ్ళ మీద తేలుతుంది. ఆ బెండు మీద తమ పాలెం గుర్తుగా గాటు పెట్టారు. కొన్నాళ్ళకు పోలీసులు వచ్చి బెండ్లు చూసి, దుంగలు పైకి తీయించి, పోలమ్మ మొగుడు కోటయ్యనూ ఇంకో ముగ్గురినీ పట్టుకుపోయారు. పాలెం తెప్పల్ని కూడా జప్తు చేశారు. చేపలు ఒడ్డుకు దగ్గరగా వచ్చే రోజులవి. తెప్ప లేకపోతే ఆ పాలెంలో పొయ్యి వెలగదు. జామీను ఇవ్వడానికి పట్టా భూమి ఉన్నవాళ్ళు కావాలన్నారు. సముద్రానికి పట్టా ఎవరిస్తారు? శిక్ష పడితే మనుషులు జైలుకు పోతారు, తెప్పలు తిరిగి రావు.

పోలమ్మ మా ఆఫీసు గుమ్మం లోపలికి రాలేదు. బయట అరుగు మీద, తలమీది ఖాళీ చేపల గంప దించుకుని కూర్చుంది. "లోపలికి రామ్మా" అంటే "వాసన వస్తాది, అయ్యగారికి పడదు" అంది. చెంగయ్య గారు డబ్బీ ఎత్తి చూపించి, "నా ముక్కు ఎప్పుడో పోయింది తల్లీ, రా" అన్నారు. అయినా రాలేదు. దాంతో ఆయనే బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అభియోగం కాగితం నా చేతికిచ్చి, "చెప్పు" అన్నారు. పద్ధతి ప్రకారం నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఇతరుల సొత్తని తెలిసీ, దురాశతో, సముద్రంలో దాచిపెట్టి, దానిపై తమ గుర్తు కట్టుకున్నారు అనే చోటికి వచ్చేసరికి పోలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఏందమ్మా అది? దాచినారనా?"

"అట్లా రాశారు."

"బెండు కట్టినోడు దాస్తాడా? దాచాలనుకుంటే కట్టకుండా ఒదిలేస్తే సాలదా, మునిగి అడుక్కి పోతాది. మళ్ళా కావాలంటే మేం వొలేసి తీసుకుంటాం. నలుగురికీ కనపడాలనే గదా బెండు కట్టేది!"

"మరి మీ గుర్తు పెట్టారుగా?" అన్నారు చెంగయ్య గారు, మెల్లగా.

"గుర్తు పెట్టకపోతే ఎవర్ని అడగాల సామీ? ఇది ఫలానా పాలెమోళ్ళు సూసినారు, వాళ్ళ కాడుండాది, పొయ్యి అడుగుదాం అని సొంతగాడికి తెలియొద్దా? పక్క పాలెం వొల తెగి మా కాడికొచ్చినా అట్నే కడతాం. మాది పోతే వాళ్ళు కడతారు. మా తాతల నాటినుంచీ అంతే."

"స్టేషన్లో ఎందుకు చెప్పలేదు?"

పోలమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "చెప్పినాం గదయ్యా. బెండు కట్టినాం" అంది.

చెంగయ్య గారు డబ్బీ తీసి చిటికెడు పీల్చారు. తర్వాత, "దాన్ని మీరు ఏమంటారమ్మా, అట్లా కట్టిన సరుకును?" అని అడిగారు. "ఏమంటామయ్యా, కట్టింది అంటాం" అంది. ఆయన లేచి లోపలికి పోయారు. పెద్ద నిఘంటువు తెచ్చి అరుగు మీదే తెరిచారు. ఆ పేజీలో మరక లేదు. "లాగన్" అని చదివారు. ఓడ ప్రమాదంలో తేలి వచ్చింది ఫ్లాట్సమ్, బరువు తగ్గించుకోవడానికి విసిరేసింది జెట్సమ్, ఆశ వదులుకుని విడిచిపెట్టేసింది డెరెలిక్ట్. మునిగిపోయే సరుకుకు, మళ్ళీ వచ్చి తీసుకోవచ్చని, బెండు కట్టి వదిలితే అది లాగన్. ఎప్పటిదో పాత సముద్ర న్యాయం మాట. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. "ఇంకేమండీ, కేసు గెలిచినట్టే!" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. "అక్కడ కట్టింది సొంతదారు. ఇక్కడ కట్టింది సరుకు ఎవరికి దొరికిందో వాడు. ఆ తేడా మనం మింగకూడదు. మాట దొరికింది, సాక్ష్యం దొరకలా. వేరే సముద్రం మీద కూడా ఇట్లాంటి బుద్ధి ఉన్న మనుషులు ఉన్నారని మాత్రమే ఈ మాట చెబుతుంది" అన్నారు.

కోర్టులో ఆయన లాగన్ అనగానే అవతలి వకీలు పడీ పడీ నవ్వాడు. "నా మిత్రుడు ఇంగ్లండు సముద్రంలో చేపలు పడుతున్నారు" అన్నాడు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. బోనులో కోటయ్య నవ్వే మొహాల్ని ఒక్కొక్కటిగా చూస్తున్నాడు, తన బతుకు ఏ మాట దగ్గర తెగుతుందో తెలియక. నాకు ఒళ్ళు మండిపోయింది. చెంగయ్య గారు మాత్రం నవ్వు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, "ఆ పాలెంలో ఈ ఆచారం ఉందో లేదో కోర్టు వారే ఒకసారి వచ్చి చూడాలని మనవి" అన్నారు. మేజిస్ట్రేటు అప్పుడే కొత్తగా వచ్చిన కుర్రాయన. సముద్రం చూడాలన్న సరదా కొంత పనిచేసిందనే నేను ఇప్పటికీ అనుకుంటాను. ఒప్పుకున్నాడు.

జీపులో అల్లూరు దాకా, అక్కణ్ణుంచి కాలువ ఒడ్డుకు, పడవలో కాలువ దాటి, ఆపైన ఇసకలో నడక. మేజిస్ట్రేటు బూట్లు ఇసకలో దిగబడుతున్నాయి. చెంగయ్య గారు పంచె ఎగ్గట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ముందు నడిచారు. ఆ వెనక అవతలి వకీలు, అందరికంటే వెనక కాగితాలతో నేను. మేము వస్తామని పాలెంలో ఎవరికీ చెప్పవద్దని పోలమ్మకు ఆయన గట్టిగా చెప్పి ఉన్నారు. ఆమె మాతోనే కాలువ దగ్గర కలిసింది. గుడిసెల ముందు ఇసకలో చిరిగిన పెద్ద వల ఒకటి కుప్పగా పడి ఉంది. చాలా కాలంగా ఉందేమో, దారాలు ఎండకు వెలిసిపోయాయి. దానికి ఒక బెండు కట్టి ఉంది, బెండు మీద గాటు ఉంది. మేజిస్ట్రేటు వంగి, ఆ బెండును చేతిలోకి తీసుకుని, ముడి విప్పబోయాడు.

"ఏయ్! ఇప్పమాక!"

చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని వస్తోంది. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. తెలిసినా ఆగేది కాదనిపించింది. "పేంటు ఏసుకుంటే సాలు, ఏదిబడితే అది ఇప్పేయొచ్చా? అది మాది గాదు, నీది గాదు. దచ్చిణం పాలెమోళ్ళది. వాళ్ళొచ్చిందాకా ఎవురూ తాకగూడదు" అంది.

"ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు మేజిస్ట్రేటు, బెండు చేతిలోనే ఉంచుకుని.

"ఎప్పుడో వస్తారు. రాకపోతే ఉంటాది. నీకేం తొందర?"

ఆయన బెండును ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టాడు. అవతలి వకీలు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. చెంగయ్య గారు నశ్యం డబ్బీ తీశారు గానీ, సముద్రపు గాలికి చిటికెడు కూడా ముక్కు దాకా చేరలేదు. ఆయన మొహంలో గెలుపు లేదు. ఒక మాట ప్రాణంతో తిరుగుతుంటే కళ్ళారా చూసిన ఆనందం ఉంది. నాకు ఆయన పాదాలకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, ఆయనకు అలాంటివి నచ్చవు.

తీర్పు రోజు పాలెం అంతా కోర్టు ఆవరణలోకి వచ్చింది. తీర్పు ఇంగ్లీషులో చదివారు. నరసింహం వరండాలోకి పరిగెత్తి "వదిలేశారు, వదిలేశారు" అని చెప్పాడు. ఎవరూ కదల్లేదు. సంతోషించనూ లేదు. అప్పటికి ఎన్నిసార్లో ఈ పొద్దు వదిలేస్తారు, రేపు వదిలేస్తారు అని ఎవరెవరో చెప్పి వాళ్ళను కావలి దాకా నడిపించారు. పోలమ్మ వరండా మెట్టు మీద కూర్చునే ఉంది. కోటయ్యను బయటికి తీసుకువచ్చినా, మళ్ళీ ఎక్కడికి తీసుకుపోతారోనని ఆమె కళ్ళు కానిస్టేబుల్ మీదే ఉన్నాయి. చెంగయ్య గారు తీర్పు నకలు తెచ్చి నాకిచ్చారు. "చదివి చెప్పు. మొత్తం" అన్నారు.

చెప్పుకుంటూ వచ్చాను. దుంగలు దాచలేదని తేలింది. బెండు కట్టడం ఆ ప్రాంతపు ఆచారమని కోర్టు స్వయంగా చూసింది. నలుగురూ నిర్దోషులు. తెప్పలు వెంటనే తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది. దాని దగ్గర నా నోరు ఆగిపోయింది. వీళ్ళు మోటు మనుషులు, బుద్ధి వికసించనివాళ్ళు, చట్టం అంటే ఏమిటో ఎరగని జనం, కనుక వీళ్ళకు దురుద్దేశం అంటగట్టలేం అని రాశాడు ఆ కుర్రాయన. మంచి చేస్తూ చేస్తూనే చెంప మీద ఒకటి కొట్టాడు. ఎదురుగా కోటయ్య, అన్నం సరిగ్గా తినక చిక్కిపోయిన మొహం. ఈ ఒక్క వాక్యం వదిలేస్తే ఎవరికి నష్టం? కాగితం మడవబోయాను.

"ఇంకా ఉంది" అన్నారు చెంగయ్య గారు.

"బాగా లేదండీ" అన్నాను గొంతు తగ్గించి.

"బాగున్నవే చెప్పడానికి నువ్వెవరు, నేనెవరు? అది వాళ్ళ గురించి రాసింది. వాళ్ళకు తెలియకుండా మనం తెలుసుకుని ఊరుకోవడమేంది?"

చెప్పాను. మోటు మనుషులు అన్న మాట, బుద్ధి వికసించనివాళ్ళు అన్న మాట, అన్నీ చెప్పాను.  కోటయ్య తల దించుకున్నాడు. పాలెం పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలమ్మ మాత్రం నావైపే చూస్తూ, "నిజంగా అట్నే రాసినాడా?" అంది.

"అట్లాగే రాశాడు."

"నువ్వు సెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

 ఆమె కొంగు దులుపుకుని మెట్టు మీంచి లేచింది. "తిట్టినదాన్ని కూడా దాచకండా సెప్పిందంటే, వొదిలేసినారన్నదీ నిజమే. లెయ్యండి, తెప్పలు తెచ్చుకుందాం" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. అప్పుడు కదిలారు అందరూ. ఎవరో ఏడ్చారు, ఎవరో నవ్వారు. నేను కాగితం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చెంగయ్య గారు గొడుగు తెరుచుకుని ఇంటికి నడిచారు.

ఆయన పోయాక నేను పరీక్ష రాసి, కోర్టులో తర్జుమా పనిలో చేరి, రిటైరయ్యేదాకా అదే చేశాను. ఆయన చెప్పిన పాత మాటల్లో చాలా మరిచిపోయాను. మిగిలినవి కూడా ఇవాళ ఎవరికీ పనికిరావు. మొన్నటికి మొన్న, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పక్క మంచం మనిషి కొడుకు తన తండ్రి ఇంగ్లీషు రిపోర్టు నా చేతికిచ్చి ఏం రాశారో చెప్పమన్నాడు. బాగాలేని వాక్యం దగ్గర నా నోరు ఎప్పటిలాగే ఆగింది. అలా ఆగిన ప్రతిసారీ నా కళ్ళముందు పోలమ్మ కొంగు దులుపుకుని లేస్తుంది. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, చివరి మాట దాకా చెప్పాను.